ఇమ్యూనిటీ, మన తిండి: నల్లగొండ, పాలమూరు ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

పోషకాహారం గురించి ఊళ్లలో, బస్తీల్లో మాట్లాడటం నా పని. ఎక్కడికి వెళ్లినా, మీటింగ్ అయిపోయి చాపలు చుట్టేటప్పుడే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. కరోనా వచ్చి వెళ్లినప్పటి నుంచి అందులో సగం ‘ఇమ్యూనిటీ’ గురించే. ఎక్కువసార్లు విన్నవాటిని, నేను చెప్పే జవాబులతో సహా ఇక్కడ రాశాను. మీకు ఏదైనా జబ్బు ఉండి మందులు వాడుతుంటే, తిండిలో పెద్ద మార్పు చేసే ముందు మీ డాక్టర్‌ను ఒక మాట అడగండి.

ఇమ్యూనిటీ పెరగాలంటే ఏం తినాలి? ఒక్కటే పేరు చెప్పండి, అదే తెచ్చుకుంటాం.

ఒక్క పేరు చెప్పలేను. చెప్పేవాళ్లుంటే వాళ్ల దగ్గర అమ్మడానికి ఏదో ఉందని అనుకోండి.

రోగనిరోధక శక్తి అనేది గుండె, కాలేయం లాగా ఒకచోట ఉండే అవయవం కాదు. ఎముక మూలుగలో పుట్టే తెల్ల రక్తకణాలు, మెడ కింద బిళ్లలు కట్టే లింఫ్ గ్రంథులు, ప్లీహం, పేగుల లోపలి పొర, చర్మం, ముక్కులో ఉండే తేమ, ఇవన్నీ కలిస్తేనే అది. ఒక్కో దానికి ఒక్కో సరుకు కావాలి. క్రిములను పట్టుకునే యాంటీబాడీలు ప్రొటీన్‌తో తయారవుతాయి. చర్మం, పేగు పొర చెక్కు చెదరకుండా ఉండటానికి విటమిన్ ఎ కావాలి. జబ్బు వచ్చినప్పుడు తెల్లకణాలు లక్షల్లో పుట్టుకురావాలి, దానికి జింక్, ఫోలిక్ యాసిడ్, బి12 కావాలి. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా మిగతావి ఎంత ఉన్నా పని కుంటుపడుతుంది.

‘పెంచడం’ అనే మాట కూడా నాకు అంత ఇష్టం ఉండదు. ఈ శక్తి అవసరానికి మించి రెచ్చిపోతే వచ్చేవే అలర్జీ, ఆస్తమా, కొన్ని రకాల కీళ్లవాతం. మనకు కావలసింది అది సరిగ్గా పనిచేయడం. తిండితో మనం చేయగలిగింది లోటు లేకుండా చూసుకోవడం. మన జిల్లాల్లో లోటు చాలా ఇళ్లలో ఉంది కాబట్టి, తిండి మారిస్తే తేడా కూడా బాగా కనిపిస్తుంది.

మేం మూడు పూటలా కడుపు నిండా తింటాం. అయినా పిల్లలకు మాటిమాటికీ సర్ది, జ్వరం ఎందుకు వస్తున్నాయి?

ముందు ఒక మాట. ఐదేళ్లలోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు సర్ది చేయడం మామూలే. వాళ్ల ఒంటికి ఒక్కో క్రిమి కొత్తగా పరిచయం అవుతూ ఉంటుంది. పిల్ల ఆడుకుంటూ, బరువు పెరుగుతూ ఉంటే టెన్షన్ పడొద్దు. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేస్తారు కదా, ఆ కార్డు తీసి చూడండి. గీత పైకి పోతుంటే సరే. రెండు మూడు నెలలుగా అక్కడే ఆగిపోతే మాత్రం ఆలోచించాలి.

ఇక కడుపు నిండటం గురించి. పొద్దున అన్నం, పగలు అన్నం, రాత్రి అన్నం, పక్కన పచ్చి పులుసు, తొక్కు. కడుపు నిండుతుంది, నిద్ర కూడా పడుతుంది. కానీ యాంటీబాడీలు కట్టడానికి కావలసిన సరుకు అందులో తక్కువ. పైగా మధ్యలో పది రూపాయల చిప్స్ ప్యాకెట్. అదే పది రూపాయలకు ఒక కోడిగుడ్డు వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పిల్ల ఏడిస్తే పొలం పని వదిలి గుడ్డు ఉడకబెట్టే టైమ్ ఎవరికీ ఉండదు, ప్యాకెట్ చింపడం తేలిక. అందుకే పొద్దున అన్నం వండేటప్పుడే రెండు గుడ్లు ఉడకేసి పెట్టమంటాను.

నులిపురుగుల సంగతి కూడా మరవకండి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏడాది నుంచి 19 ఏళ్ల వరకు అందరికీ ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆ రోజు బడికి పంపకుండా ఆపుకునేవాళ్లను చూశాను. పిల్ల తిన్నది పురుగుల పాలు కాకుండా ఉండాలంటే ఆ మాత్ర వేయించాలి.

ప్రొటీన్ అంటే మాంసమే కదా? వారానికోసారి తెచ్చుకోవడమే కష్టం. రోజూ ఎక్కడి నుంచి తేవాలి?

నేను అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. కాస్త లెక్క వేసుకుందాం.

జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు ఒక్కో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మనిషికి దాదాపు 46 గ్రాములు. ఈ సంస్థ ఎక్కడో ఢిల్లీలో లేదు, హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో మన దగ్గరికి వచ్చింది.

రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తినే మనిషికి దాని నుంచి 30 గ్రాముల దాకా వస్తుంది. అంటే లోటు 16 గ్రాములు. అంతేకాదు, బియ్యంలోని ప్రొటీన్‌లో లైసిన్ అనే ముక్క తక్కువ. ఆ లైసిన్ పప్పుల్లో దండిగా ఉంటుంది. అందుకే పప్పన్నం కలిపి తింటే రెండూ ఒకదాని లోటు ఒకటి తీర్చుకుంటాయి. మన పెద్దవాళ్లు లైసిన్ పేరు వినకపోయినా కలిపే తిన్నారు.

ఆ 16 గ్రాములు ఎక్కడి నుంచి? 50 గ్రాముల కందిపప్పులో 11 గ్రాములు. ఒక గుడ్డులో 6. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు తింటే 7. గిలాస పాలు లేదా పెరుగులో 6. వీటిలో ఏ మూడు కలిపినా లెక్క దాటిపోతుంది. బొబ్బెర్లు, పెసర్లు, శనగలు, ఉలవలు, అనపగింజలు, ఏవైనా సరే. సాయంత్రం చాయ్‌తో బిస్కెట్లకు బదులు గుడాలు చేసుకోండి. రాత్రి నానబెట్టి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు వేసి పైన నిమ్మకాయ పిండితే పిల్లలు ఎగబడి తింటారు. పాలమూరులో చలికాలం అనపకాయలు వచ్చినప్పుడు రోజూ అదే కూర చేసుకున్నా తప్పులేదు.

పప్పును చారులా పలుచగా చేసి నలుగురికి పోస్తే మాత్రం ఈ లెక్క కుదరదు. ఒక మనిషికి గుప్పెడు పప్పు పడాలి.

పల్లీలు మా దగ్గర పండుతాయి. ఎంత తిన్నా మంచిదేనా?

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు పల్లికాయ మన సొంత పంట. ప్రొటీన్, మంచి నూనె, జింక్ అన్నీ ఉన్నాయి. రోజుకు గుప్పెడు బాగు.

కానీ గింజను చూసి తినండి. తడి తగిలి, సరిగ్గా ఎండక బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తుంది. వేయిస్తే పోతుందని అనుకుంటారు, పూర్తిగా పోదు. మంచి కాయ మార్కెట్‌కు పంపి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఇంట్లోకి ఉంచుకునే అలవాటు చాలా రైతు ఇళ్లలో ఉంది. ఆ ఏరివేసిన గింజలే పిల్లల చట్నీలోకి పోతున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. వాటిని పశువులకు కూడా వేయకండి, పాలలోకి వస్తుంది.

జొన్న రొట్టె, తైద (రాగి) అంబలి మళ్లీ తినమంటున్నారు. నిజంగా అంత తేడా ఉందా?

ఉంది. జొన్నలో, సజ్జలో బియ్యం కన్నా పీచు, ఐరన్, జింక్ ఎక్కువ. తైదల్లో కాల్షియం 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, బియ్యంలో అది నామమాత్రం.

పీచు ఎందుకు అంత ముఖ్యమంటే, మన పెద్దపేగులో కోట్లకొద్దీ మంచి బ్యాక్టీరియా ఉంటుంది. మనకు అరగని పీచే దాని తిండి. అది పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లాలను తయారు చేస్తుంది, అవి పేగు గోడను బలంగా ఉంచుతాయి. రోగనిరోధక కణాల్లో పెద్ద వాటా పేగుల చుట్టూనే కాపలా ఉంటుంది కాబట్టి అక్కడి వాతావరణం బాగుండాలి.

రాత్రి పిండి కలిపి పులియబెట్టి, పొద్దున కాచి, చల్ల పోసి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగే అంబలి ఉంది చూడండి, దాంట్లో పీచుంది, కాల్షియం ఉంది, చల్లలోని మంచి బ్యాక్టీరియా ఉంది. పులియడం వల్ల గింజలోని ఐరన్, జింక్ ఒంటికి పట్టడం కూడా మెరుగవుతుంది. ఎండాకాలం ఉపాధి పనికి పోయేవాళ్లు సీసాలో పోసుకుపోతే ఇంకా మంచిది.

అలాగని అన్నం పూర్తిగా మానమని చెప్పను. రాత్రి ఒక్క పూట రొట్టెకు మారినా చాలు. రొట్టెలు చేయడం రాని కొత్త కోడళ్లు గట్క వండుకోండి, అది అన్నం వండినంత తేలిక.

ఏ ఆకుకూర మంచిది?

దొరికేవన్నీ. తోటకూర, పుంటికూర, పాలకూర, బచ్చలి, మెంతి, పొన్నగంటి. వానాకాలం చేను గట్ల మీద ఊరికే మొలిచే గంగవాయిలి కూరను పప్పులో వేయండి. ఎండాకాలం మొదట్లో చింతచిగురు. మునగాకును చాలామంది చెట్టు మీదే వదిలేసి కాయలు మాత్రం కోసుకుంటారు, అసలు బలం ఆకులోనే ఎక్కువ. గుప్పెడు మునగాకు పప్పులోనో, రొట్టె పిండిలోనో కలిపితే విటమిన్ ఎ, ఐరన్, కాల్షియం మూడూ వస్తాయి.

2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లో ఒక మనిషి రోజు పళ్లెంలో 400 గ్రాముల కూరగాయలు ఉండాలంది, అందులో ఆకుకూరల వాటా కూడా ఉంది. మన ఇళ్లలో కూర అంటే అన్నంలోకి నంజుకోవడానికి రెండు గరిటెలు. ముందు దాన్ని రెట్టింపు చేయండి.

రక్తహీనత గురించి ఇక్కడే చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కు 57 మందికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లే. ఐరన్ తక్కువైతే తెల్లకణాలు కూడా సరిగ్గా పనిచేయవు. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు ఉండాలి. నిమ్మకాయ పిండుకోండి, లేదా తిన్నాక ఒక జామకాయ తినండి. అన్నం తినగానే చాయ్ తాగితే మాత్రం ఆ ఐరన్‌లో చాలా భాగం ఒంటికి పట్టకుండా పోతుంది. తిండికీ చాయ్‌కీ మధ్య గంట గ్యాప్ ఉంచండి. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు.

కోసిన తర్వాత కడగొద్దు, కడిగి కోయండి. ఉడికిన నీళ్లు పారబోయొద్దు.

నల్లగొండ బత్తాయి రోజూ జ్యూస్ తాగితే జలుబు రాదా?

బత్తాయి మన జిల్లా గర్వం, తోటలు వేసిన రైతుల కష్టం నాకు తెలుసు. పండు తినండి. కానీ రెండు విషయాలు.

విటమిన్ సి తీసుకుంటే మామూలు మనుషులకు జలుబు రాకుండా ఆగదు. రోజూ అందుతూ ఉన్నవాళ్లకు వచ్చిన జలుబు కొద్దిగా తొందరగా తగ్గుతుందని మాత్రమే పరిశోధనలు తేల్చాయి. రెండోది, రోజుకు కావలసింది మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములే. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. బత్తాయిలో అందులో నాలుగో వంతు. ఉసిరికాయ వీటన్నిటికన్నా మిన్న. సంక్రాంతికి వచ్చే రేగుపండ్లు, బజ్జీల పక్కన పెట్టే పచ్చిమిర్చి, క్యాప్సికమ్ కూడా మంచివే. కాబట్టి జామ చెట్టున్న ఇంటికి విటమిన్ సి మాత్ర అక్కర్లేదు.

జ్యూస్ తీసి, వడగట్టి, చక్కెర వేసి తాగితే పీచు పోయి తీపి మిగులుతుంది. తొనలు ఒలుచుకుని తినండి. బాలానగర్ సీతాఫలం, కొల్లాపూర్ మామిడి వచ్చే రోజుల్లో అవి తినండి. ఏ కాలం పండు ఆ కాలంలో చవక.

కషాయం, పసుపు పాలు, తిప్పతీగ రోజూ తాగొచ్చా?

2020లో మా ఇంట్లో మా అత్తమ్మ మిరియాలు, శొంఠి, లవంగాలు మరిగించి మూడు పూటలా అందరికీ గిలాసలు నిండా పోసేది. ఆమె ప్రేమ అది. కాదనలేక తాగాను. పది రోజులకు నాకు కడుపులో మంట మొదలైంది, మా బావగారికి నోరంతా పూత. అప్పుడు ఎన్నో ఇళ్లలో ఇదే జరిగింది.

గొంతు నొప్పిగా ఉన్నప్పుడు చిన్న గిలాస కషాయం, వేడి పాలలో చిటికెడు పసుపు హాయినిస్తాయి, తాగండి. వంటలో వేసే పసుపు, అల్లం, ఎల్లిగడ్డ, మిరియాలు ఎప్పటిలా వేసుకోండి. పసుపులోని కర్కుమిన్ ఒంటికి పట్టేది చాలా తక్కువ, మిరియాలు తోడుంటే కాస్త పెరుగుతుంది. అయితే దాన్నే గట్టిగా చేసి అమ్మే మాత్రలు వేసుకున్న కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చాయి. తిప్పతీగ రసం నెలల తరబడి తాగిన కొందరిలో కూడా కాలేయం వాచిన సంగతిని 2021లో ముంబయి డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. ఆకుతో చేసింది కదా ఏమవుతుందిలే అనుకోకండి. లివర్ జబ్బు, కీళ్లవాతం, థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు.

మెడికల్ షాపులో ఇచ్చే జింక్, విటమిన్ డి, మల్టీవిటమిన్ మాత్రలు వాడొచ్చా?

లోటు ఉందని డాక్టర్ తేల్చి రాస్తే వాడండి. గర్భిణికి ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, విరేచనాలు పట్టిన పిల్లకు ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింక్, తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి విటమిన్ ఎ సిరప్, ఇవన్నీ పక్కాగా పనిచేసేవే. పైగా ప్రభుత్వ దవాఖానలో ఉచితం.

ఎవరో వాడారని మనం వాడితే చిక్కు. జింక్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే ఒంట్లో కాపర్ (రాగి లోహం) తగ్గి, తెల్లకణాలే పడిపోతాయి. విటమిన్ డి 60 వేల యూనిట్ల డోసు వారానికోసారి, కొన్ని వారాలు వేసుకోవాల్సింది. దాన్ని రోజుకొకటి వేసుకున్న పెద్దాయన ఒకరు నాకు తెలుసు. కాల్షియం పెరిగిపోయి, వాంతులతో, నీరసంతో హాస్పిటల్‌లో చేరాల్సి వచ్చింది.

డెంగ్యూ వస్తే కివి, డ్రాగన్ ఫ్రూట్, బొప్పాయి ఆకు రసం ఇవ్వాలా?

వానలు పడ్డాక ఈ పండ్ల ధరలు చూస్తే నాకు బాధేస్తుంది. కూలి డబ్బులన్నీ నాలుగు కివి పండ్లకు పోతాయి. ఆ పండ్లు తింటే తప్పు లేదు, కానీ అవి ప్లేట్‌లెట్లను లేపవు. డెంగ్యూలో జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజుల దాకా ప్లేట్‌లెట్లు పడి, తర్వాత వాటంతట అవే లేస్తాయి. అదే సమయంలో పండు తిని ఉంటాం కాబట్టి పండు వల్లే అనిపిస్తుంది.

బొప్పాయి ఆకు మీద చిన్న చిన్న అధ్యయనాలు జరిగాయి కానీ చికిత్సగా పెట్టుకునేంత ఆధారం లేదు. చేదుకు వాంతులైతే ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి, అసలు ప్రమాదం అదే. ఓఆర్ఎస్, కొబ్బరి నీళ్లు, చల్ల, గంజి మాటిమాటికీ తాగించండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేయకండి. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మత్తుగా ఉండటం కనిపిస్తే ఆ క్షణమే దవాఖానకు పోవాలి.

పాయా (మేక కాళ్ల చారు) తాగితే బలం వస్తుందంటారు?

వేడి వేడిగా ఉంటుంది, గొంతుకు హాయి, నీళ్లు ఉప్పు అందుతాయి. జ్వరం తగ్గినవాళ్లకు నోరు బాగవుతుంది. కాల్షియం మాత్రం ఎముక నుంచి చారులోకి వచ్చేది చాలా తక్కువ. అదే డబ్బుకు కార్జం (మేక కాలేయం) తెచ్చుకుంటే ఐరన్, విటమిన్ ఎ, బి12 దండిగా దొరుకుతాయి. గర్భిణులు మాత్రం కార్జం ఎక్కువ తినకూడదు, విటమిన్ ఎ అతి అయితే కడుపులో బిడ్డకు మంచిది కాదు.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయి. ఏరి పారేస్తున్నాం, సరేనా?

పారేయకండి. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి మళ్లీ గింజలా ఒత్తినవి. 100 కిలోల బియ్యంలో ఒక కిలో లెక్కన కలుపుతారు. రంగు కొంచెం తేడాగా ఉంటుంది, కడిగితే తేలుతాయి, అందుకే అనుమానం. ఒక ఊళ్లో ఓ అవ్వ మనవరాలి కోసమని గంటసేపు కూర్చుని ఒక్కొక్కటీ ఏరి తీసి చూపించింది. ఆ అమ్మాయికి రక్తం తక్కువ. ఆ గింజలే ఆమెకు కావాలని చెప్పేసరికి అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎక్కువసార్లు కడగకుండా, గంజి వార్చకుండా వండండి. తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తినండి.

మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తిండితో ఏమైనా చేయొచ్చా?

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు పెద్దవాళ్ల వంగిన నడుములు చూసి పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో చెప్పక్కర్లేదు. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు నిలిచిపోయింది.

మొదటి మందు నీళ్లు మార్చడమే. తాగడానికీ, వంటకీ భగీరథ నల్లా నీళ్లే వాడండి. చాలామంది తాగడానికి ఆ నీళ్లు పట్టి, పప్పు ఉడకడానికి మాత్రం బోరు నీళ్లు పోస్తారు. వంటలో పోసినదీ కడుపులోకే పోతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు.

తిండి విషయానికి వస్తే, కాల్షియం, ప్రొటీన్, విటమిన్ సి తక్కువగా తినేవాళ్లకే ఫ్లోరైడ్ ఎక్కువ హాని చేస్తుంది. పాలు, పెరుగు, తైదలు, నువ్వులు, మునగాకు, జామ, ఉసిరి, ఇవన్నీ ఇమ్యూనిటీకి పనికొచ్చేవే. ఇక్కడ వాటికి రెండో పని కూడా ఉంది. పంటి మీద పడ్డ మరక, వంగిన ఎముక తిండితో వెనక్కి రావు. ఎదిగే పిల్లలను కాపాడుకోవచ్చు.

కల్లు ఒంటికి మంచిదని పెద్దవాళ్లు అంటారు. నిజమా?

చెట్టు నుంచి దింపిన వెంటనే తాగే నీరా వేరు. పులిసిన కల్లులో ఆల్కహాల్ ఉంటుంది, రోజూ తాగితే అది రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అంతకన్నా పెద్ద భయం కల్తీ. మన పాలమూరులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ కుటుంబాలు ఎన్నో. అలాంటివాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ రావడం జరుగుతుంది. ఇంట్లో బంధించి మాన్పించకండి. జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లి మందులతో మెల్లగా మాన్పించండి.

మా ఇంట్లో ఒకరికి టీబీ వచ్చింది. మిగతావాళ్లం ఏం తినాలి?

తిండికీ రోగనిరోధక శక్తికీ ఉన్న బంధం గురించి నా దగ్గర ఉన్న అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇక్కడే ఉంది.

టీబీ క్రిమి మన దేశంలో చాలామంది ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది. మనిషి బక్కచిక్కితే లేస్తుంది. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 దాకా ఒక పెద్ద పరిశోధన చేశారు. టీబీ రోగి ఉన్న ఇళ్లలోని పది వేల మందికి పైగా కుటుంబ సభ్యులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు నెలనెలా బియ్యం, పప్పులతో తిండి సరుకులు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ఊపిరితిత్తుల టీబీ 48 శాతం తగ్గింది. 2023లో ఈ ఫలితాలు వచ్చాయి. ఇచ్చింది ఏ విదేశీ పౌడరో కాదు, మామూలు బియ్యం, పప్పు.

కాబట్టి రోగికి ఒక్కరికే గుడ్డు పెట్టి మిగతావాళ్లు చారన్నం తినకండి. అందరి పళ్లెంలోనూ పప్పు, గుడ్డు, పల్లీలు పడాలి. రోగికి నిక్షయ్ పోషణ యోజన కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబర్ ముందు 500 ఉండేది. పడకపోతే ఆశా కార్యకర్తను అడగండి, ఎక్కువసార్లు ఖాతా వివరాల్లో ఏదో పొరపాటు ఉంటుంది.

టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది, కంచాల ద్వారా కాదు. మనిషిని వేరే కంచంలో, వేరే మూల కూర్చోబెట్టి తిండి పెడితే ఆ మనిషి సగం తిని లేస్తాడు. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టించండి, మందులు ఒక్క రోజూ మానొద్దు. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి.

పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పిండి పారేయమంటున్నారు మా పెద్దవాళ్లు.

వద్దు. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ఆ పాలు చెడిపోయినవి కావు. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు అందులో నిండి ఉంటాయి, పాపకు అదే మొదటి టీకా అనుకోండి. పుట్టిన గంటలోపు పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు.

ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, నెయ్యి చుక్క, గుడ్డు, మెదిపిన అరటిపండు మొదలుపెట్టండి. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిల్లకే పెట్టండి. రెండున్నర కిలోల ప్యాకెట్ ఇంటిల్లిపాదీ పంచుకుంటే పిల్లకు వారం కూడా రాదు. గర్భిణులు, బాలింతలు ఆరోగ్య లక్ష్మి భోజనం అక్కడే కూర్చుని తినడం మంచిది. ఇంటికి తెచ్చుకుంటే అది ఎవరి కడుపులోకి పోతుందో మనందరికీ తెలుసు.

బాగా తింటే టీకాలు అక్కర్లేదు కదా?

అక్కర్లేదనడం తప్పు. తిండి సైన్యాన్ని బలంగా ఉంచుతుంది. శత్రువు ముఖం ఎలా ఉంటుందో ముందే చూపించేది టీకా. తట్టుకు, ధనుర్వాతానికి ఏ ఆకుకూరా అడ్డుపడదు.

పని కోసం పుణె, ముంబయి వెళ్తాం. సైట్ మీద వండుకునే వీలుండదు. మాకేం చెప్తారు?

పాలమూరు బిడ్డలు కట్టని ఊరు లేదు. వాళ్లకు నేను రోజుకు 400 గ్రాముల కూరగాయలని పాఠం చెప్పలేను. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు మూటలో కట్టుకుపోగలిగేవి చెప్తాను. నెల దాకా చెడిపోని సత్తుపిండి. వేయించిన పల్లీలు, బెల్లం. నువ్వుల పొడి, మునగాకు నీడన ఎండబెట్టి కొట్టిన కారప్పొడి. కిలో శనగలు, కిలో పెసర్లు. రాత్రి డబ్బాలో నానబెడితే పొద్దునకు ఉడకబెట్టే పని లేకుండా పెసర్లు తినొచ్చు, బాగా కడగండి చాలు. గుడ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. తాగే నీళ్లు ఎక్కడివో కనుక్కోండి, అనుమానం ఉంటే కాచుకోండి. ఎంత తిన్నా విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నిలవదు. పిల్లలను వెంట తీసుకెళ్తే టీకాల కార్డు మూటలో పెట్టుకోవడం మరవొద్దు.

మా అమ్మకు 70 దాటింది. ఊళ్లో ఒక్కతే ఉంటుంది. పొద్దున వండుకున్న అన్నమే రాత్రి కూడా, తొక్కు వేసుకుని తింటుంది. ఏం చేయాలి?

ఒక్క మనిషికి కూర వండుకోవాలని ఎవరికీ అనిపించదు. పళ్లు లేకపోతే రొట్టె నమలలేదు, మాంసం మానేస్తుంది, మెల్లగా అన్నం చల్ల దగ్గర ఆగిపోతుంది. ఈ వయసులో కండ కరిగితే చిన్న నిమ్ము కూడా మంచాన పడేస్తుంది.

పాలు పోసే ఆయనకు నెల డబ్బులు మీరే కట్టేయండి, రోజూ అరలీటరు ఇంటికి వస్తుంది. పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా కిచిడీ చేసుకోమనండి, అందులోనే గుప్పెడు ఆకు వేయొచ్చు. గుడ్డు ఉడకబెట్టే బదులు పొరుటు చేసుకుంటే నమలడం తేలిక. పల్లీలు నమలలేకపోతే పొడి కొట్టి పంపండి. మాగిన బొప్పాయి, అరటిపండు. పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోమనండి. షుగర్ ఉంటే అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాలి, షుగర్ అదుపులో లేకపోతే తెల్లకణాలు మందగిస్తాయి. పళ్ల సెట్టు కట్టించడం కూడా పోషకాహారం కిందికే వస్తుందని నేను అంటాను.

పండుగకు ఊరికి వెళ్లినప్పుడు ఆమె చేతిగాజులు చూడండి. ముందు మణికట్టు దగ్గర ఆగే గాజులు ఇప్పుడు మోచేతి దాకా జారుతుంటే బరువు తగ్గిందని అర్థం. అప్పుడు తిండి ఒక్కటే మార్చి ఊరుకోకుండా, షుగర్, రక్తం, టీబీ పరీక్షలు చేయించడానికి వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.